ఏసీఎల్‌కి ఏ గ్రాఫ్ట్? 19 ఏళ్ల కబడ్డీ రైడర్, సన్నటి ఒళ్లు, ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు

పీఈటీ_గోదారి

మా కాలేజీ టీమ్ అమ్మాయి. వయసు 19, ఎత్తు 152 సెం.మీ., బరువు 46 కిలోలు. రైడ్‌లో వెనక్కి తిరగబోతుంటే పాదం మ్యాట్‌కి పట్టేసి కుడి మోకాలు మెలిపడింది. ఐదు వారాలైంది. ఎంఆర్ఐలో ఏసీఎల్ (మోకాలు ముందుకు జారకుండా, మెలిపడకుండా పట్టి ఉంచే లోపలి లిగమెంట్) పూర్తిగా తెగిందని, లోపలి మెనిస్కస్ (మోకాల్లో మెత్తలా ఉండే కార్టిలేజ్) వెనకభాగంలో చీలిక ఉందని వచ్చింది. వాపు చాలావరకు తగ్గింది. మడవడం బాగానే ఉంది కానీ, కాలు చాపితే రెండో కాలంత నిటారుగా రావడం లేదు. అదే కాలి చీలమండ అంతకుముందు రెండుసార్లు బెణికింది, అది కూడా చెప్పాలి కదా.

తెగినదాని బదులు వేసే గ్రాఫ్ట్‌కి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) ఎక్కడి నుంచి తీయాలని ముగ్గురు సర్జన్లకు చూపించాం. ఒకరు తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ అన్నారు. ఇంకొకరు, ఈ ఒళ్లుకి హామ్‌స్ట్రింగ్ సన్నగా వస్తుంది, చీలమండ దగ్గర పెరోనియస్ లాంగస్ తీద్దాం అన్నారు. మూడో ఆయన మోకాలిచిప్ప కింది టెండన్‌ని రెండు చివర్లా ఎముక ముక్కలతో తీసే బీటీబీ చేస్తానన్నారు. ముగ్గురూ తమది మంచిదే అంటున్నారు. వాళ్ల ఇంట్లో కింద కూర్చునే తింటారు, పనీ కిందే. మళ్లీ రైడింగే చేయాలన్నది అమ్మాయి పట్టు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఆర్థో_ఓరుగల్లు

మాస్టారూ, గ్రాఫ్ట్ కంటే ముందు ఆ కాలు చాపలేకపోవడం తేల్చుకోండి. ఐదు వారాల తర్వాత కూడా నిటారుగా రాకపోతే మెనిస్కస్ ముక్క బకెట్ పిడిలా మడతపడి కీలు మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. తెగిన ఏసీఎల్ మొదలు ముందువైపు పడి అడ్డొస్తుండొచ్చు. లేదా నొప్పికి తొడ వెనక కండరం బిగుసుకుని ఉండొచ్చు. మొదటిదైతే ఆలస్యం చేయకూడదు, ఆ ముక్క నలిగిపోతే కుట్టడానికి పనికిరాదు. మూడోదైతే సర్జరీ ఆపి, రెండు మూడు వారాలు ఫిజియో చేయించి కాలు నిటారుగా తెచ్చుకున్నాకే టేబుల్ ఎక్కించాలి. బిగుసుకున్న మోకాలికి ఏ గ్రాఫ్ట్ వేసినా తర్వాత ఇంకా బిగుసుకుంటుంది.

ఇక గ్రాఫ్ట్. ల్యాబులో లాగి తెంపిన లెక్కలు మీకు ఎవరో ఒకరు చూపిస్తారు: కుర్రవాళ్ల అసలు ఏసీఎల్ సుమారు 2,160 న్యూటన్లు, 10 మి.మీ. బీటీబీ 2,900 పైచిలుకు, నాలుగు పోగుల హామ్‌స్ట్రింగ్ 4,000 పైచిలుకు. దీన్ని బట్టి హామ్‌స్ట్రింగే గట్టిదనుకోకండి. అది టెండన్ తీసిన రోజు బలం, పైగా ఆ నాలుగు పోగులూ సమానంగా బిగిసినప్పటి బలం. మోకాల్లో పెట్టాక మొదట్లో బలహీనమైన చోటు టెండన్ కాదు, దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్క్రూ, బటన్. టెండన్ దూర్చడానికి ఎముకలో తొలిచే సొరంగంలో అది ఎముకకు అతుక్కునేదాకా భారమంతా వాటి మీదే. బీటీబీలో ఎముక ఎముకతో అతుక్కుంటుంది కాబట్టి ఆరు వారాలు. ఒట్టి టెండన్ అయితే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు.

మీ అమ్మాయి విషయంలో అసలు చిక్కు సైజు. హామ్‌స్ట్రింగ్ లావు ఎక్కువగా ఎత్తును బట్టి ఉంటుంది. 152 సెం.మీ. అమ్మాయికి నాలుగు పోగులు కలిపినా 7, 7.5 మి.మీ. దగ్గర ఆగిపోవడం మామూలే. 8 కంటే తగ్గితే, అందులోనూ ఇరవై ఏళ్ల లోపు వాళ్లలో, మళ్లీ తెగడం పెరుగుతుంది. అప్పుడు హామ్‌స్ట్రింగ్ కోసం తీసే రెండు టెండన్లలో సెమీటెండినోసస్‌ని మూడు మడతలు, గ్రాసిలిస్‌ని రెండు మడతలు వేసి ఐదు పోగులు చేస్తారు. 24 సెం.మీ. టెండన్ మూడు మడతలేస్తే 8 సెం.మీ. వస్తుంది, అది చాలు. అంతకన్నా పొట్టిగా వస్తే సొరంగాల్లో ఉండాల్సిన పొడవు తగ్గుతుంది. తొడ ఎముకలో కనీసం 15 నుంచి 20 మి.మీ. టెండన్ ఉండాలి. టెండన్ తీసేటప్పుడు ఇంకో ప్రమాదం: సెమీటెండినోసస్ నుంచి పిక్క కండరానికి అడ్డంగా పట్టీలు పోతాయి. వాటిని ముందు వేలితో వెతికి కోయకుండా స్ట్రిప్పర్ (టెండన్ తీసే పరికరం) తోస్తే అది దారి తప్పి టెండన్‌ని సగంలోనే తెంపేస్తుంది. అందుకే మొదటి సర్జన్‌ని ఒకే ప్రశ్న అడగండి: "8 కంటే తక్కువ వస్తే అక్కడికక్కడ ఏం చేస్తారు?" దానికి జవాబు సిద్ధంగా లేకపోతే ఇంకొకరిని చూసుకోండి. ఉన్న ఎంఆర్ఐలోనే ఆ రెండు టెండన్ల అడ్డుకోత వైశాల్యం కొలిచి ముందే అంచనా వేయొచ్చు, రేడియాలజిస్టును అడిగితే చెప్తారు.

పెరోనియస్ లాంగస్ మన దేశంలో ఈమధ్య బాగా ఎక్కువైంది. రెండు మడతలేస్తే 8 మి.మీ. చుట్టుపక్కల వస్తుంది, మోకాలి దగ్గర ఏమీ తీయక్కర్లేదు. లోపలి పక్క లిగమెంట్ కూడా పోయినప్పుడో, రెండు మూడు లిగమెంట్లు ఒకేసారి కట్టాల్సినప్పుడో మంచిదే. కానీ రెండుసార్లు బెణికిన చీలమండ నుంచి దాన్ని తీయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. పాదం లోపలికి మెలిపడకుండా పట్టుకునే కండరాల్లో అదొకటి, బొటనవేలి మొదట్లో నేలను నొక్కేదీ అదే. కబడ్డీలో డిఫెండర్ పట్టేదే చీలమండ. చీలమండ బాగానే ఉందని చూపిన అధ్యయనాల్లో చాలావరకు రెండేళ్ల లోపువే, రోజూ యాంకిల్ హోల్డ్ తినేవాళ్ల మీద చేసినవి కావు.

నేనైతే బీటీబీ వైపు. అమెరికాలో మూన్ బృందం 14 నుంచి 22 ఏళ్ల ఆటగాళ్లను ఆరేళ్లు గమనిస్తే, హామ్‌స్ట్రింగ్ మళ్లీ తెగే అవకాశం బీటీబీకి దాదాపు రెట్టింపు తేలింది. అయితే ఈ ఒళ్లుకి 10 మి.మీ. తీయకూడదు. టెండన్ వెడల్పు ముందు కొలవాలి, అందులో మూడో వంతు మించకూడదు, అంటే 8 లేదా 9. చిప్ప నుంచి తీసే ముక్క పొడవు 20 మి.మీ., లోతు 6, 7 మి.మీ. చాలు. రంపం మూలల్లో గీతలు దాటి పోతే చిప్ప తర్వాత అక్కడే పగులుతుంది. సొరంగం తొలిచినప్పుడు వచ్చిన ఎముక పొడిని ఆ గుంటలో నింపేయాలి.

కీహోల్_విశాఖ

పెరోనియస్ వద్దన్న మాటతో ఏకీభవిస్తా. బీటీబీతో మాత్రం కాదు. రైడర్ ఎక్కడ పడుతుందో చూడండి: డిఫెండర్ల చేతుల కిందుగా దూరే డుబ్కీ కొట్టినా, లైన్ కోసం దూకినా, మోకాళ్లే ముందు మ్యాట్‌కి తగులుతాయి. బీటీబీ తర్వాత మోకాలి ముందు నొప్పి, మోకాళ్ల మీద ఆనలేకపోవడం మిగతా అన్నిటికంటే ఎక్కువ. కొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది. ఇంట్లో కింద కూర్చుని లేచే మనుషులకు ఇది చిన్న సంగతి కాదు. బాసింపట్టు వేసుకోవడానికి పెద్దగా ఇబ్బంది ఉండదు, కానీ కూర్చున్నచోట మోకాలు నేలకు ఆనించి లేవడమే కష్టం.

చిప్ప పైన ఉండే క్వాడ్రిసెప్స్ టెండన్ సంగతి ముగ్గురిలో ఎవరూ ఎత్తలేదు. 9 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం, 6.5 నుంచి 7 సెం.మీ. పొడవు తీస్తే ఎముక ముక్క లేకుండానే సరిపోతుంది. పొట్టివాళ్లలో కూడా ఇది సాధారణంగా మందంగానే ఉంటుంది. ఎంఆర్ఐ పక్కకోతలో చిప్పకు 3 సెం.మీ. పైన మందం కొలిస్తే ముందే తెలుస్తుంది. మోకాళ్ల మీద ఆనినప్పుడు నొప్పి బీటీబీ కంటే తక్కువ. చర్మం మొద్దుబారడం కూడా తక్కువే, ఎందుకంటే మోకాలి ముందు చర్మానికి స్పర్శనిచ్చే నరపు కొమ్మ ఆ కోత దారిలో లేదు.

చెడేది ఎక్కడంటే: పొడవు కోసం ఆశపడి 8 సెం.మీ. దాటి పైకి పోతే ముందుతొడలోని రెక్టస్ కండరం ఊడి పైకి జారిపోతుంది, తొడ మీద గుంట కనిపిస్తుంది. పూర్తి మందం తీస్తే కీలు పొర చిరిగి, ఆర్థ్రోస్కోపీ (కీహోల్ సర్జరీ) కోసం కీలులోకి పంపే నీళ్లు తొడలోకి కారతాయి. తీసిన చోట రక్తం చేరి గడ్డ కట్టడం కూడా ఇందులో ఎక్కువ. ఇది చేయి అలవాటైనవాళ్లు చేయాల్సిన గ్రాఫ్ట్. డెన్మార్క్ జాతీయ రిజిస్ట్రీలో మొదట క్వాడ్రిసెప్స్‌కి రెండోసారి సర్జరీలు ఎక్కువగా కనిపించాయి. తర్వాత విడదీసి చూస్తే అవి ఎక్కువగా తక్కువ కేసులు చేసే చోట్లవని తేలింది. కాబట్టి మీ ఊళ్లో దీన్ని రోజూ చేసే సర్జన్ లేకపోతే నా మాట పక్కన పెట్టి, రోజూ బీటీబీ చేసేవారి దగ్గర బీటీబీ చేయించుకోండి.

ఇంకొకటి, గ్రాఫ్ట్ ఏదైనా సరే అడగాల్సింది. ఈ వయసు, ఈ ఆట, ఆడపిల్ల: మోకాలి బయటి పక్కన ఇలియోటిబియల్ బ్యాండ్ నుంచి 1 సెం.మీ. వెడల్పు పట్టీ తీసి, పక్క లిగమెంట్ కిందుగా పోనిచ్చి తొడ ఎముకకు బిగించే ఎల్ఈటీ కలిపి చేస్తారా? స్టెబిలిటీ ట్రయల్‌లో 25 ఏళ్ల లోపు 618 మందికి హామ్‌స్ట్రింగ్ వేసి, సగం మందికి ఇది కలిపారు. రెండేళ్లలో గ్రాఫ్ట్ తెగడం 11 శాతం నుంచి 4 శాతానికి పడింది. ఒకవేళ హామ్‌స్ట్రింగే ఖాయమైతే ఎల్ఈటీ లేకుండా ఒప్పుకోవద్దు. అమ్మాయి మంచి కాలి మోకాలు నిలబడినప్పుడు వెనక్కి విల్లులా వంగుతుందేమో కూడా చూడండి. వంగితే హామ్‌స్ట్రింగ్ మరీ వద్దు, సాగుతుంది.

ఫిజియో_గుంటూరు

సర్జన్లిద్దరూ టెండన్ తీయడం దగ్గర ఆగారు. తీసిన చోట ఏం జరుగుతుందో నేను చెప్తా, ఎందుకంటే తొమ్మిది నెలలు ఆ కాలితో కుస్తీ పట్టేది మేమూ ఆ అమ్మాయీ.

హామ్‌స్ట్రింగ్ తీస్తే: నొప్పి త్వరగా తగ్గుతుంది, నడక తొందరగా వస్తుంది, అందుకే అందరికీ నచ్చుతుంది. కానీ ఆరు వారాలు మడమను పిరుదు వైపు బరువు మీద లాగే వ్యాయామం వద్దు. మూడు నాలుగు వారాలప్పుడు మెట్టు జారి కాలు విసిరితే తొడ వెనక టప్‌మని శబ్దం, తర్వాత నల్లటి కమిలిన మచ్చ వస్తాయి. అక్కడ మానుతున్న కండరం మళ్లీ చిరిగిందని అర్థం, గ్రాఫ్ట్‌కి ఏమీ కాదు. రెండు వారాలు వెనక్కి పోతాం, అంతే. మిగిలిపోయే లోటు మోకాలు 90 డిగ్రీలు దాటి మడిచినప్పటి బలం. మామూలు పరీక్షలో కూర్చోబెట్టి కొలుస్తారు కాబట్టి అది దొరకదు. బోర్లా పడుకోబెట్టి 90, 110 డిగ్రీల దగ్గర కొలవాలి. బోనస్ లైన్ దగ్గర కిందికి వంగి కాలు వెనక్కి లాక్కునే రైడర్‌కి కావాల్సింది సరిగ్గా ఆ బలమే. పైగా పిక్క ఎముక ముందుకు జారకుండా ఏసీఎల్‌కి తోడుండే కండరం హామ్‌స్ట్రింగే.

బీటీబీ, క్వాడ్రిసెప్స్ తీస్తే: సమస్య ముందు తొడ. మొదటి రెండు వారాల్లో కాలు నిటారుగా ఎత్తితే మోకాలు వంగిపోకుండా నిలబడాలి. నిలబడకపోతే కరెంటు ప్యాడ్లతో కండరాన్ని లేపాలి. బీటీబీ వాళ్లకు చిప్పను నాలుగు వైపులా చేత్తో కదపడం మొదటి వారం నుంచే మొదలవ్వాలి, లేకపోతే చిప్ప కిందికి బిగుసుకుంటుంది. నాలుగో వారం నుంచి కుర్చీలో కూర్చుని కాలు చాపే వ్యాయామం 90 నుంచి 45 డిగ్రీల మధ్య మాత్రమే. మూడు నాలుగు నెలల తర్వాత మందపాటి స్పాంజి మీద మోకాళ్లు ఆనించడం అలవాటు చేయించాలి. మెత్తటిది, తర్వాత యోగా మ్యాట్, తర్వాత కబడ్డీ మ్యాట్.

పెరోనియస్ తీస్తే పాదాన్ని బయటికి తిప్పే వ్యాయామం ఆరు వారాల దాకా రబ్బరు బ్యాండ్‌తో వద్దు. కింది మొదలును పక్కనున్న పెరోనియస్ బ్రెవిస్‌కి కుడతారు, ఆ కుట్టు మానాలి.

గ్రాఫ్ట్ ఏదైనా మోకాలి కింద దిండు పెట్టొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు జాలిపడి పెట్టేది అదే, మోకాలు వంగి ఉండిపోయేది అందుకే. దిండు మడమ కింద పెట్టండి. రెండు వారాలకు సున్నా డిగ్రీలు, అంటే కాలు పూర్తిగా నిటారుగా రావాలి. రెండు మూడు నెలలప్పుడు చాపే చివర్లో టక్కుమని ఆగిపోతుంటే, వ్యాయామం పెంచడం కాదు, సర్జన్‌కి చూపించాలి. గ్రాఫ్ట్ ముందు మచ్చ కణజాలం ఉండలా పెరిగి ఉంటుంది, దాన్ని సైక్లోప్స్ అంటాం. మెనిస్కస్ కుడితే మడవడం నాలుగు నుంచి ఆరు వారాలు 90 దాటకూడదు, గొంతుక్కూర్చోవడం నాలుగైదు నెలల దాకా లేదు. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ లేకపోతే రంధ్రమున్న ప్లాస్టిక్ కుర్చీ సర్జరీకి ముందే కొనిపెట్టండి.

పీఈటీ_గోదారి

డాక్టర్ గార్లకు, ఫిజియో గారికి చాలా కృతజ్ఞతలు. ఇంకో మూడు సందేహాలు. ఒంట్లోంచి ఏదీ తీయకుండా దాత టెండనో, ఆర్టిఫిషియల్ లిగమెంటో పెట్టొచ్చు కదా అని వాళ్ల నాన్నగారు అడుగుతున్నారు. అసలు సర్జరీ లేకుండా కుదురుతుందా? ఆరు నెలల్లో యూనివర్సిటీ సెలెక్షన్లు ఉన్నాయి, ఏ గ్రాఫ్ట్ అయితే వాటికి అందుతుంది?

ఆర్థో_ఓరుగల్లు

దాత టెండన్ ఈ వయసుకి వద్దు. అవయవాలతో పాటు కణజాలాలకూ మన చట్టం ఉంది, ముంబైలో టాటా మెమోరియల్ లాంటి చోట టిష్యూ బ్యాంకులున్నాయి, అయినా చాలా ఊళ్లలో దొరకడం కష్టమే. దొరికినా, కుర్ర ఆటగాళ్లలో సొంత టెండన్ కంటే ఇది చాలా ఎక్కువగా తెగుతుంది. శరీరం దాన్ని తనదిగా మార్చుకోవడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది, క్రిములు చంపడానికి ఎక్కువ రేడియేషన్ పెడితే బలమూ తగ్గుతుంది. నలభై దాటి, మెలితిరిగే ఆటలు ఆడనివాళ్లకు, లేదా రెండోసారి కట్టేటప్పుడు సరే. ఆర్టిఫిషియల్ లిగమెంట్లకు 1980లలో పెద్ద మోజు ఉండేది. కార్బన్ ఫైబర్, డేక్రాన్, గోర్‌టెక్స్ అన్నీ వేశారు. పోగులు అరిగి, ఆ పొడితో కీలు వాచిపోయి చాలావరకు వదిలేశారు. 19 ఏళ్ల మోకాల్లో మాత్రం పెట్టొద్దు.

సర్జరీ లేకుండా కొందరికి కుదురుతుంది. స్వీడన్‌లో 121 మంది మీద చేసిన కానన్ ట్రయల్‌లో ముందు వ్యాయామంతో మొదలెట్టినవాళ్లలో ఐదేళ్లకు దాదాపు సగం మందికి ఏసీఎల్ సర్జరీ అవసరం పడలేదు. కానీ వాళ్లలో ప్రొఫెషనల్ ఆటగాళ్లు లేరు. మెనిస్కస్ చిరిగి, మళ్లీ కబడ్డీ మ్యాట్ ఎక్కాలనుకునే అమ్మాయికి ఆ లెక్క వర్తించదు. మోకాలు జారిన ప్రతిసారీ మెనిస్కస్ ఇంకాస్త పోతుంది.

ఫిజియో_గుంటూరు

ఆరు నెలలకి ఏ గ్రాఫ్టూ అందదు మాస్టారూ, ఆ సెలెక్షన్లు మర్చిపోండి. మోకాల్లో పెట్టిన టెండన్ మొదట చచ్చిన తాడే. దానిలోకి రక్తనాళాలు పాకి కొత్త కణాలు చేరేటప్పుడు, అంటే ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, అది అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నొప్పి పోయి, నడక బాగై, పిల్లలు గంతులేస్తారు. నార్వే, అమెరికా కలిసి చేసిన డెలావేర్–ఓస్లో అధ్యయనంలో తొమ్మిది నెలల దాకా ఆటను వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ దెబ్బ తగలడం దాదాపు సగానికి తగ్గింది. ఆడించే ముందు ముందుతొడ బలం మంచి కాలితో పోలిస్తే 90 శాతం ఉండాలి, ఒంటికాలి గెంతులు నాలుగు రకాలూ 90 దాటాలి. కండర బలం కొలిచే డైనమోమీటర్ లేకపోతే జిమ్‌లో కాలు చాపే మెషిన్ మీద ఒక్కో కాలితో ఒక్కసారి ఎత్తగలిగిన గరిష్ఠ బరువు కొలవండి. ఇక్కడో మెలిక ఉంది: ఇన్ని నెలలు ఆట లేక మంచి కాలు కూడా నీరసపడుతుంది, అందుకే దాని బలం సర్జరీకి ముందే కొలిచి రాసిపెట్టుకోండి. ఆ తర్వాత ఖాళీ మ్యాట్ మీద ఫుట్‌వర్క్, బోనస్, టో టచ్, డుబ్కీ. తర్వాత ఒక డిఫెండర్, తర్వాత చైన్ (చేతులు పట్టుకుని నిలబడే డిఫెండర్లు). యాంకిల్ హోల్డ్ అన్నిటికంటే చివర.

కీహోల్_విశాఖ

ఒక చిన్న మాట. గ్రాఫ్ట్ తెగిన చాలా కేసుల్లో తప్పు గ్రాఫ్ట్‌ది కాదు, సొరంగానిది. కుడి మోకాల్లో తొడ ఎముక సొరంగం గడియారంలో 12 దగ్గర నిలువుగా పడితే ముందుకు జారడం ఆగుతుంది కానీ మెలి ఆగదు. 10 దగ్గర, అసలు లిగమెంట్ అంటుకున్న చోటే పడాలి. ఇన్ఫెక్షన్‌కి జాగ్రత్తగా టెండన్‌ని 100 మి.లీ. సెలైన్‌లో 500 మి.గ్రా. వాంకోమైసిన్ కలిపి తడిపిన గుడ్డలో పది, పదిహేను నిమిషాలు చుట్టి ఉంచుతారా అని కూడా అడగండి. ఖర్చు స్వల్పం, ఫలితం బాగుంది.

డిశ్చార్జ్ సమ్మరీలో "ఏసీఎల్ రీకన్‌స్ట్రక్షన్ చేయబడింది" అని ఒక్క ముక్క రాసిస్తే ఒప్పుకోకండి. ఏ టెండన్, ఎన్ని పోగులు, ఎన్ని మి.మీ., ఏ కాలి నుంచి, రెండు చివర్లా ఏ స్క్రూ లేదా బటన్, మెనిస్కస్ కుట్టారా కోశారా, ఇవన్నీ రాయించి, ఇంప్లాంట్ స్టిక్కర్లు అతికించిన కాగితం, ఆర్థ్రోస్కోపీ ఫొటోలు, సర్జరీ తర్వాతి ఎక్స్‌రే కలిపి ఒక ఫైల్లో పెట్టండి.